నోటీసు లేకుండా రోజూ స్టేషన్‌కు పిలుస్తాండారు, పోవాలా వద్దా? (కర్నూలు)

తుంగభద్ర_గట్టు
మా వీధిలో సెల్‌ఫోన్లు రిపేరు చేసే పిల్లోడు ఒకడున్నాడు. వాని బావ చీటీ డబ్బులు ఎత్తుకొని కనపడకుండా పోయినాడంట. వారం పైనుంచి ఈ పిల్లోనికి స్టేషన్ నుంచి ఫోన్. పొద్దున 10కి రమ్మంటారు, రాత్రి దాకా బల్ల మీద కూర్చోబెట్టి పంపిస్తారు. కాగితం ఒక్కటీ ఇవ్వలేదు. ఫోన్ తీసి పెట్టుకున్నారు, రశీదు లేదు. "మీ బావ యాడుండాడో చెప్పు, లేకుంటే నీ మీద రౌడీషీటు తెరుస్తాం" అంటాండారంట. ఇప్పుడు వాళ్ళమ్మను కూడా తీసుకురమ్మన్నారు, ఆమెకు 63 ఏండ్లు. స్టేషన్ పేరు ఇక్కడ రాయను. పోకుంటే ఏమవుతాది? పోతే ఏం జాగ్రత్త పడాల? తెలిసినోళ్ళు చెప్పండి.

ఉగ్గాని_బజ్జి
వారం కూర్చోబెట్టినారంటే అక్కడే ఒక రిపేరు షాపు పెట్టించొచ్చు కదప్పా. సరే, ఎగతాళి పక్కన పెడితే, ఆ అమ్మను మాత్రం పంపొద్దండి. మిగతాది ప్లీడరన్న వచ్చి చెప్తాడు.

సీమ_ప్లీడర్
ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఎఫ్ఐఆర్ ఉందా లేదా. దాన్ని బట్టి అంతా మారిపోతుంది.

ఎఫ్ఐఆర్ ఉండి ఈ పిల్లోన్ని సాక్షిగా పిలిస్తే బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 179 (పాత 160). అది రాతపూర్వక ఆర్డర్‌గా ఉండాల. పిలిచే అధికారి స్టేషన్ పరిధిలోనో, పక్క స్టేషన్ పరిధిలోనో ఉండేవాళ్ళను మాత్రమే పిలవొచ్చు. హిందూపురం స్టేషన్ నుంచి ఫోన్ చేసి ఆదోని మనిషిని 179 కింద రమ్మనడం కుదరదు.

నిందితునిగా అనుమానిస్తే 35(3) నోటీసు (పాత 41ఏ). చీటీ డబ్బుల కేసుల్లో సాధారణంగా పెట్టేవి బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 318(4), 316(2). మొదటిదానికి 7 ఏండ్ల దాకా, రెండోదానికి 5 ఏండ్ల దాకా శిక్ష. 7 ఏండ్ల దాకా శిక్ష ఉండే వాటిలో ఊరికే అరెస్టు చేయొద్దు, ముందు నోటీసు ఇవ్వండి అని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ తీర్పులో చెప్పింది. నోటీసు వచ్చి హాజరవుతా ఉంటే, ఎందుకు అరెస్టు అవసరమో కారణాలు రాయకుండా పట్టుకోకూడదు, 35(5). నోటీసు వచ్చినాక కూడా పోకపోతే మాత్రం 35(6) కింద అరెస్టు చేయొచ్చు. అందుకే కాగితం వస్తే ఎగ్గొట్టొద్దు.

ఎఫ్ఐఆర్ లేకుండా ఉత్త పెటిషన్ మీద పిలుస్తాంటే, రోజంతా కూర్చోబెట్టే అధికారం ఏ సెక్షన్‌లోనూ లేదు. వెళ్ళిపోతానంటే ఆపకూడదు. ఆపితే అది అక్రమ నిర్బంధం, బీఎన్ఎస్ 127.

ఏడురోడ్ల_కడపోడు
ఎఫ్ఐఆర్ ఉందో లేదో ఎట్ల తెలుస్తాది? అడిగితే కసురుకుంటారు కదా.

సీమ_ప్లీడర్
అడగనక్కర్లేదు. 2016లో యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఎఫ్ఐఆర్‌ను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టమంది. నెట్ సరిగా అందని చోట్ల 72 గంటల దాకా. లైంగిక నేరాలు, ఉగ్రవాదం లాంటివి మినహాయింపు. ఏపీ పోలీసు వెబ్‌సైట్‌లో జిల్లా, స్టేషన్, తేదీ ఎంచుకొని చూడండి. ఒక్క చిక్కు ఉంది: 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినాయి. డోన్, బనగానపల్లె నంద్యాల కింద వెతకాల. ధర్మవరం, కదిరి, హిందూపురం శ్రీ సత్యసాయి కింద. పాత జిల్లా పేరు పెట్టి "ఏమీ లేదు" అని నమ్మేసుకుంటారు చానామంది.

రైటర్_రిటైర్డ్
అందరూ సెక్షన్లు చదువుతాండారు, స్టేషన్ లోపల ఎట్ల జరుగుతాదో కూడా చెప్పాల కదా. చీటీ పాడుకున్న 20 మంది ఆడోళ్ళు గేటు దగ్గర కూర్చొని ఉంటారు. ఎస్ఐ ఎఫ్ఐఆర్ కట్టేముందు డబ్బు ఏమన్నా తిరిగి వస్తాదేమో అని చూస్తాడు. కొన్నిసార్లు నిజంగానే వస్తాది, కోర్టుకు పోతే ఏండ్లు పడతాది. సుప్రీంకోర్టు లలిత కుమారి తీర్పులో కూడా డబ్బు లావాదేవీల తగాదాల్లో ముందు ప్రాథమిక విచారణ చేసుకోవచ్చు అనే ఉంది.

కానీ ఒకటి ఒప్పుకోవాల. విచారణ అంటే పిలిచి, అడిగి, రాసుకొని పంపడం. ఆ పిల్లోడు వచ్చిన సంగతి జనరల్ డైరీలో (జీడీ, స్టేషన్‌లో రోజువారీ సంగతులు రాసే పుస్తకం) ఎక్కించకుండా రోజూ కూర్చోబెడుతున్నారంటే, పై అధికారి వచ్చి డైరీ అడిగితే వాళ్ళకే ఇబ్బంది. "నేను వచ్చినట్టు జీడీలో రాయండి సార్" అని మెల్లగా అడగమనండి. ఆ ఒక్క మాటతోనే సగం జాగ్రత్త పడతారు.

కొండారెడ్డి_బురుజు
@రైటర్_రిటైర్డ్ ప్రాథమిక విచారణకు కూడా హద్దు ఉంది సార్. బీఎన్ఎస్ఎస్ 173(3) ప్రకారం 3 ఏండ్లు, ఆపైన, 7 ఏండ్లకు తక్కువ శిక్ష ఉండే నేరాలకే అది. డీఎస్పీ అనుమతి కావాల, 14 దినాల్లో ముగియాల. 318(4)కు గరిష్ఠం 7 ఏండ్లు, 7కు తక్కువ కాదు. కాబట్టి దానికి ఈ వెసులుబాటు ఉప-సెక్షన్ అతకదు. "ఇంకా ఎంక్వైరీలో ఉండాది" అని నెలలు లాగేదానికి కాదు ఇది.

రైటర్_రిటైర్డ్
నెలలు లాగమని నేనెక్కడ అన్నాను? లాగుతారని చెప్పినా.

క్లాక్‌టవర్_అనంత
ఫోన్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు. రిపేరు షాపోనికి ఫోన్ లేకుంటే బువ్వ లేదు.

సీమ_ప్లీడర్
ఫోన్ తీసుకుంటే బీఎన్ఎస్ఎస్ 106 కింద స్వాధీనం చూపించాల, పంచనామా రాయాల, మేజిస్ట్రేటుకు తెలియజేయాల. 2024 జూలై 1 నుంచి 105 ప్రకారం ఆ స్వాధీనం, జాబితా రాయడం అంతా ఆడియో-వీడియో తీయాల. సొరుగులో పడేసి "రేపు ఇస్తాంలే" అంటే అది స్వాధీనం కాదు, ఉత్తగా పెట్టుకోవడం.

చేయాల్సింది: ఫోన్ పెట్టె మీద 15 అంకెల ఐఎంఈఐ ఉంటాది, రెండు సిమ్ముల ఫోన్ అయితే రెండు నంబర్లు. అవి రాసి, ఫలానా తేదీ, ఫలానా గంటకు, ఫలానా పేరు గల అధికారి తీసుకున్నారు, రశీదు ఇవ్వలేదు, ఇవ్వండి లేదా ఫోన్ తిరిగి ఇవ్వండి అని ఒక లెటర్. పేరు తెలియకుంటే యూనిఫాం మీద నేమ్ ప్లేట్ చదువుకోమనండి. నిజంగానే కేసులో స్వాధీనం చూపించి ఉంటే 503 కింద (పాత 457) మేజిస్ట్రేటు దగ్గర విడిపించుకునే పిటిషన్ వేయొచ్చు. కస్టమర్ల ఫోన్లు కూడా తీసి ఉంటే వాటి బిల్లులు జత చేయండి, లేకుంటే దొంగ ఫోన్లని ఇంకో కథ మొదలవుతాది.

పాస్‌వర్డ్ అడిగితే, లాయర్‌తో మాట్లాడి చెప్తానని అనొచ్చు. దీనిమీద కోర్టుల్లో వాదనలు రెండు పక్కలా ఉన్నాయి, అందుకే నోటిమాటగా తల ఊపొద్దు.

బనగానపల్లె_బేనిషా
అమ్మను పిలిచినారు కదా, దానికి గట్టిగా జవాబు ఇస్తాను. 179లోనే ఉంది: ఆడవాళ్ళను ఏ వయసు వాళ్ళయినా, 15 ఏండ్ల లోపు, 60 ఏండ్లు దాటిన మగవాళ్ళను, వికలాంగులను, తీవ్ర జబ్బుతో ఉన్నవాళ్ళను వాళ్ళు ఉండే ఇంటి దగ్గరే విచారించాల. స్టేషన్‌కు రమ్మనకూడదు. ఆమెకు 63 కాదు 33 ఉన్నా అంతే.

అయితే కొత్త చట్టంలో ఒక తోక ఉంది. "తనకు తానుగా రావడానికి ఇష్టపడితే రానివ్వచ్చు" అని. ఆమె ఒకసారి పోతే, ఇష్టపడే వచ్చిందని రాసేసుకుంటారు. కాబట్టి పోకముందే ఒక ముక్క పంపాల: "నేను మహిళను, నా ఇంటి దగ్గర విచారణకు సిద్ధం, ఇదీ నా అడ్రస్, ఫలానా గంటల్లో ఉంటాను." సహకరించనంటున్నారు అనే మాట రాకుండా ఆ చివరి వాక్యం ముఖ్యం.

అరెస్టు మాట వస్తే, సాయంత్రం పొద్దు మునిగినాక, తెల్లారకముందు ఆడవాళ్ళను అరెస్టు చేయకూడదు. తప్పనిసరి అయితే మహిళా అధికారి రాతపూర్వకంగా రిపోర్టు ఇచ్చి మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాల, 43(5).

ఉగ్గాని_బజ్జి
తోక ఉండాదని ఇప్పుడే తెలిసింది. సెక్షన్ కూడా బల్లి మాదిరే ఉండాది.

పెన్నా_ఇసుక
ఇవన్నీ బాగుండాయి, రేప్పొద్దున ఆ పిల్లోడు పోయేటప్పుడు జేబులో ఫోన్ దాచి రికార్డు చేస్తే సరిపోలే? ఒక్క వీడియో బయటికొస్తే అందరూ దారికొస్తారు.

రైటర్_రిటైర్డ్
ఆ సలహా ఇచ్చి మీరు ఇంట్లో కూర్చుంటారు, తన్నులు వానికి. ఫోన్ తీసి పైకెత్తినాడంటే ముందు గుంజుకుంటారు, గుంజుకునేటప్పుడు చేయి తగిలితే బీఎన్ఎస్ 132 (పాత 353) విధులకు ఆటంకం కేసు.

కొండారెడ్డి_బురుజు
రికార్డు చేయడమే నేరం అనేది మాత్రం తప్పు. 132కు దాడి లేదా బలప్రయోగం ఉండాల. స్టేషన్ అధికార రహస్యాల చట్టం కింద 'నిషేధిత ప్రదేశం' కాదని 2022లో బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ చెప్పింది. కానీ పెన్నా_ఇసుక చెప్పిన పద్ధతి పనికిరాదు అనేదానికి నేనూ ఓటేస్తా. వాళ్ళ కెమెరాలే ఉన్నాయి కదా, మన కెమెరా ఎందుకు?

2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే: గేటు, లోపలికి బయటికి దోవలు, లాకప్, కారిడార్లు, రిసెప్షన్, వరండా, ఇన్‌స్పెక్టర్ గది, ఎస్ఐ గది, హాలు, డ్యూటీ ఆఫీసర్ గది, బాత్రూముల బయట, వెనక పక్క, అన్నిచోట్లా కెమెరాలు. రాత్రి కనిపించాల, మాట కూడా రికార్డు కావాల. 18 నెలల నిల్వ. ఆ సామర్థ్యం లేకపోతే కనీసం ఏడాది. పనిచేయకపోతే ఎస్‌హెచ్ఓ (స్టేషన్ బాధ్యత చూసే అధికారి) జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీకి తెలియజేయాల. అందులో కలెక్టర్, ఎస్పీ ఉంటారు. గోడ మీద తెలుగులో కూడా బోర్డు పెట్టాల. పోయినప్పుడు ఆ బోర్డు ఉందా లేదా చూసి రమ్మనండి.

ఏడురోడ్ల_కడపోడు
అడిగితే "కెమెరా పాడైంది" అంటారు. ప్రతిసారీ అదే జరుగుతాది. 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకునింది కూడా ఈ పనిచేయని కెమెరాల గురించే.

కొండారెడ్డి_బురుజు
అందుకే అడిగే విధానం మార్చాల. మనోళ్ళు చేసే తప్పులు రెండు. ఒకటి, "మా పిల్లోడు వచ్చిన అన్ని రోజుల ఫుటేజీ కావాల" అని రాస్తారు. అది ఇవ్వలేం అనేదానికి దోవ చూపించినట్టే. రెండు, ఫుటేజీ కాపీ అడుగుతారు, ఇవ్వకుంటే ఆర్‌టీఐ వేస్తారు, దర్యాప్తుకు ఆటంకం, ఇతరుల గోప్యత అని తిప్పి పంపిస్తారు. ఈలోపు పాతదాని మీద కొత్తది రికార్డు అయిపోతాది.

కాపీ అడగొద్దు, 'భద్రపరచండి' అని అడగండి. తేదీ, లోపలికి పోయిన సమయం, బయటికొచ్చిన సమయం, కూర్చోబెట్టిన చోటు, అక్కడికి కనిపించే కెమెరా. "ఫలానా తేదీ ఉదయం 10:10 నుంచి రాత్రి 8:40 దాకా, రిసెప్షన్ పక్క హాలు, ఎస్ఐ గది తలుపు వైపు కెమెరా" అని రాస్తే పాడైందనే మాట రాతలో చెప్పాల్సి వస్తాది. ఒక కాపీ ఎస్‌హెచ్ఓకు, ఒకటి ఎస్పీకి, ఒకటి కలెక్టర్‌కు. ఫుటేజీ భద్రపరచమని కోరే హక్కు బాధితునికి ఉందని ఆ బోర్డు మీదే రాయాలని తీర్పులో ఉంది.

తుంగభద్ర_గట్టు
సమయాలు ఎవరూ రాసుకోలేదు అన్నా. ఏదో ఒకటి గుర్తు చేసుకొని రాయమందునా?

కొండారెడ్డి_బురుజు
ఊహించి రాయొద్దు. ఒక్క గంట తప్పు పోయినా మొత్తం అబద్ధం అంటారు. ఆటోకు ఫోన్‌పే కొట్టినాడా, స్టేషన్ ఎదురు టీ అంగట్లో కొట్టినాడా? ఆ లావాదేవీల సమయాలు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో దొరుకుతాయి. వాళ్ళు చేసిన ఫోన్ కాల్స్ ఇంట్లో వాళ్ళ ఫోన్లలో ఉంటే స్క్రీన్‌షాట్ తీయండి. దొరకనిచోట "సుమారు" అని రాయండి.

క్లాక్‌టవర్_అనంత
లెటర్ ఎట్ల పంపాల? చేతికిస్తే ముద్ర వేయరు.

బనగానపల్లె_బేనిషా
పోస్టులో. పాత రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కౌంటర్‌లో "రిజిస్ట్రేషన్ కలిపి, డెలివరీ రుజువు కావాల" అని చెప్పండి, లేకుంటే మామూలు స్పీడ్ పోస్టు కొట్టి పంపిస్తారు. రశీదు మీది సిరా కొన్నాళ్ళకు మాసిపోతాది, ఆ రోజే ఫొటో తీసుకోండి. కవర్ మీద ఎస్ఐ పేరు రాయొద్దు, హోదా రాయండి. బదిలీ అయితే కవర్ తిరిగొస్తాది.

పెన్నా_ఇసుక
ఇంత పోస్టు ఎందుకు, సోమవారం ఎస్పీ ఆఫీసులో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటాది కదా, నేరుగా ఇస్తే?

ఏడురోడ్ల_కడపోడు
ఇస్తే పెటిషన్ తిరిగి అదే స్టేషన్‌కు వస్తాది, "నీమీద ఎస్పీకి చెప్పినాడంట" అని అదే ఎస్ఐ చేతిలో పెడతారు. ఆ సోమవారం కంటే మానవ హక్కుల కమిషన్ మేలు.

రైటర్_రిటైర్డ్
ఎస్పీ సోమవారాన్ని తీసిపారేయొద్దు. పని జరిగేది అక్కడే, తొందరగా. తిరిగి స్టేషన్‌కు రాకుండా ఉండాలంటే పెటిషన్ చివర "ఈ స్టేషన్‌కు సంబంధం లేని డీఎస్పీ స్థాయి అధికారితో విచారణ చేయించ ప్రార్థన" అని ఒక వాక్యం, మొదటి పేజీలోనే ఎస్‌హెచ్ఓ హోదా ప్రతివాదిగా. అప్పుడు సెక్షన్ క్లర్క్ కళ్ళు మూసుకొని స్టేషన్‌కు మార్కు చేయలేడు. నంబర్ ఇస్తారు, అది రాసుకోండి.

సీమ_ప్లీడర్
రెండూ చేయొచ్చు, ఒకటి రెండోదానికి అడ్డం కాదు. కమిషన్ 2021లో కర్నూలుకు వచ్చింది. తరలింపు మాటలు నడిచినాయి కాబట్టి పంపేముందు అడ్రస్ సరిచూసుకోండి. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, ఘటన జరిగిన ఏడాదిలోపు ఇవ్వాల. ఆ గడువు మానవ హక్కుల పరిరక్షణ చట్టంలోనే ఉంది, 36(2). అయితే కమిషన్ చేసేది సిఫార్సు. ఉద్యోగం పీకించే కోర్టు అనుకొని పోతే నిరాశే. రిపోర్టు తెప్పించడం, పరిహారం సిఫార్సు చేయడం, అంతవరకు.

డీఎస్పీ స్థాయి దాకా పోలీసుల మీద వచ్చే ఫిర్యాదులు వినేదానికి జిల్లా పోలీసు ఫిర్యాదుల అథారిటీలు పెట్టమని 2006లో ప్రకాశ్ సింగ్ తీర్పు చెప్పింది. ఆ ఒక్క దోవ నమ్ముకొని మిగతావి ఆపుకోవద్దు.

క్లాక్‌టవర్_అనంత
రౌడీషీటు బెదిరింపు? మన సీమలో ఆ మాటకే సగం మంది వణికిపోతారు.

రైటర్_రిటైర్డ్
ఎస్ఐ తలచుకున్న వెంటనే తెరిచేది కాదు. పోలీస్ స్టాండింగ్ ఆర్డర్ 601 కింద పై అధికారి ఆర్డర్ కావాల. బావ చీటీ ఎత్తినాడని బావమరిది మీద తెరిస్తే రేపు హైకోర్టులో నిలబడదు. వాళ్ళు నిజంగా చేయగలిగేది బైండోవర్, అంటే గొడవ చేయనని బాండు రాయించుకోవడం.

సీమ_ప్లీడర్
అవును, దానికి జాగ్రత్తగా ఉండాల. బీఎన్ఎస్ఎస్ 126 (పాత 107) కింద తహసీల్దార్ ముందుకు తీసుకుపోతారు. అక్కడ చాలామంది సంతకం పెట్టేసి వచ్చేస్తారు. ముందు 130 కింద రాతపూర్వక ఆర్డర్ ఇవ్వాల, అందులో ఏ సమాచారం మీద, ఎంత బాండు, ఎంత కాలం అనేది ఉండాల. విచారణకు సమయం అడగండి. ఏడాదికి మించిన బాండు ఈ సెక్షన్‌లో లేదు. తెల్ల కాగితం మీద ఎక్కడా సంతకం వద్దు. 180 కింద ఇచ్చే వాంగ్మూలం మీద కూడా సంతకం పెట్టించకూడదు, 181 చూడండి. సంతకం పెట్టాల్సింది నోటీసు అందినట్టు మాత్రమే.

తుంగభద్ర_గట్టు
ఇప్పుడే తెలిసింది, ఈ రోజు పిల్లోడు ఇంకా రాలేదు. రాత్రి 10 దాటింది. ఫోన్ చేస్తే "పంపించేసినాం" అంటాండారు.

సీమ_ప్లీడర్
112కు కాల్ చేసి ఇదే మాట చెప్పండి, కాల్ సమయం రికార్డు అవుతాది. జిల్లా కంట్రోల్ రూమ్‌కు కూడా. ప్రతి జిల్లాలోనూ ప్రతి స్టేషన్‌లోనూ అరెస్టయిన వాళ్ళ వివరాలు చెప్పేదానికి ఏఎస్ఐ స్థాయికి తగ్గని అధికారి ఉండాలని బీఎన్ఎస్ఎస్ 37లో ఉంది, ఆయన్ను అడగండి. అరెస్టు చూపిస్తే మీకు చెప్పాల, 48. కారణాలు వానికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాల. ఆ క్షణంలో కుదరకపోతే నోటితో చెప్పి, రిమాండ్‌కు హాజరుపరిచే కనీసం రెండు గంటల ముందు కాగితం ఇవ్వాలని 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాల, ప్రయాణ సమయం మినహాయించి, 58.

అరెస్టు చూపించకుండా దాచినారంటే తెల్లారి మొదటి పని 100 కింద (పాత 97) ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు దగ్గర సెర్చ్ వారెంట్ పిటిషన్. హైకోర్టు దాకా అమరావతికి పరిగెత్తేముందు ఇది. మన దగ్గర కోర్టులు అడ్వకేట్ కమిషనర్‌ను పంపిస్తాయి. ఆయన చెప్పకుండా లోపలికి పోయి లాకప్, పక్క గదులు, క్వార్టర్స్ చూస్తాడు, జీడీ, సెంట్రీ పుస్తకం తెప్పించి ఆ నిమిషం దాకా రాసినదాని కింద సంతకం పెడతాడు, తర్వాత ఏం కలపాలన్నా దొరికిపోతారు. పిటిషన్ వేసిన సంగతి కోర్టు బయట ఎవరికీ చెప్పొద్దు. ఇక్కడ కూడా రాయొద్దు. కబురు ముందు పోతే మనిషిని ఇంకో చోటికి మార్చేస్తారు.

లాయర్ ఖర్చు భయం ఉంటే 15100 చేయండి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. కస్టడీలో ఉండేవాళ్ళకు, ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితం.

తుంగభద్ర_గట్టు
112 చేసిన అర్ధగంటకు ఇంటికొచ్చినాడు. చెంప వాచింది, ఎడమ అరికాలు మీద వాతలు ఉన్నాయి. నిద్రపోతా అంటాండాడు.

బనగానపల్లె_బేనిషా
నిద్ర తర్వాత. ఇప్పుడే పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, దేనితో కొట్టినారో డాక్టర్‌కు చెప్పాల, "జారి పడినా" అనొద్దు. మెడికో లీగల్ రిజిస్టర్‌లో ఎక్కించమని అడిగి ఆ నంబర్ రాసుకోండి. అరికాళ్ళ వాపు రెండు మూడు దినాల్లో తగ్గిపోతాది, రంగు మారుతాది, అందుకే ఈ రాత్రే. ఫొటోలు: ఒకటి ముఖం, కాళ్ళు కలిసి కనిపించేట్టు, తర్వాత దగ్గరివి, పక్కన స్కేలు పెట్టి. వాట్సాప్‌లో పంపితే తీసిన తేదీ పోతాది, అసలు ఫైల్ చెరపొద్దు.

సీమ_ప్లీడర్
సమాచారం రాబట్టేదానికి కొట్టడం బీఎన్ఎస్ 120, 7 ఏండ్ల దాకా. ఆ ఫిర్యాదు స్టేషన్‌లో తీసుకోకుంటే బీఎన్ఎస్ఎస్ 173(4) కింద ఎస్పీకి పోస్టు, తర్వాత 175(3) కింద మేజిస్ట్రేటు, అఫిడవిట్ తప్పనిసరి. అందుకే ఎస్పీకి పంపిన రశీదు పారేయొద్దన్నాం. ప్రభుత్వ ఉద్యోగి మీద అయితే 175(4) ప్రకారం పై అధికారి రిపోర్టు, ఆయన వాదన కూడా మేజిస్ట్రేటు చూస్తారు, కొంచెం ఆలస్యం అవుతాది. ప్రాసిక్యూషన్ అనుమతి కావాలని అడ్డం పెడితే, ప్రభుత్వం 120 దినాల్లో తేల్చకుంటే ఇచ్చినట్టే లెక్క, 218.

తుంగభద్ర_గట్టు
ఆసుపత్రికి పోతాండాం. పొద్దున వాట్సాప్‌లో ఒక నోటీసు ఫొటో పంపినారంట, 35(3) అని. అది చెల్లుతాదా?

కొండారెడ్డి_బురుజు
వాట్సాప్‌లో పంపిన 35 నోటీసు చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు సతేందర్ కుమార్ అంతిల్ కేసులో చెప్పింది. కానీ చెల్లదని ఇంట్లో కూర్చోవద్దు. "అసలు కాపీ చేతికివ్వండి, నేను ఫలానా తేదీ లాయర్‌తో హాజరవుతాను, ప్రస్తుతం ఆసుపత్రిలో ఉన్నాను" అని స్పీడ్ పోస్టులో, అదే వాట్సాప్ నంబర్‌కూ జవాబు పంపండి. ఆసుపత్రి చీటీ కాపీ జత చేయండి. ఆ నోటీసులో క్రైమ్ నంబర్ (ఎఫ్ఐఆర్ నంబర్) ఉందా చూసినారా?

తుంగభద్ర_గట్టు
లేదు. ఆ జాగా ఖాళీగా ఉంది.

సీమ_ప్లీడర్
అయితే ఇంకా ఎఫ్ఐఆరే లేదేమో. ఆ ఫొటోను అట్లాగే భద్రంగా పెట్టండి, ముద్రణ తీయించి లాయర్‌కు ఇవ్వండి. అరెస్టయి విచారణ జరిగితే లాయర్‌ను కలిసే హక్కు 38లో ఉంది, పూర్తిసేపు పక్కన కూర్చోనివ్వరు, అంతే. నోటీసు మీద పోయినప్పుడు కూడా లాయర్‌ను వెంట తీసుకుపోండి. మిగతాది ఇక్కడ బయట రాయకండి, మెసేజ్ చేయండి.